పెరటి వెనక హైవే గోడ: పాతబడితే ఏం జరుగుతుంది, మళ్లీ ఎలా కడతారు

అమెరికాలో హైవే పక్కన ఇల్లు కొన్నవాళ్లకు పెరట్లోంచి కనిపించేది ఒక్క గోడే. చాలాచోట్ల అక్కడ నిజానికి రెండు గోడలుంటాయి. కింద ఉన్నది మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్. దాని మీదో, పక్కనో నిలబెట్టిన పలకలు చప్పుడును ఆపే నాయిస్ బారియర్. మొదటిది కూలితే మనుషులు చచ్చిపోవచ్చు, రోడ్డు మూతపడుతుంది. రెండోది లేకపోతే ప్రాణం మీదికి రాదు గానీ రాత్రి కంటికి కునుకుండదు. ఈ రెండింటికీ డబ్బు వచ్చే దారి వేరు, నిబంధనలు వేరు, పాడయ్యే తీరు వేరు. "గోడ పగిలిపోతోంది, ఎప్పుడు మారుస్తారు?" అని అడిగినప్పుడు సూటిగా జవాబు రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. న్యూజెర్సీ, వర్జీనియా, టెక్సస్‌లలో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది ఇలాంటి గోడల పక్కనే ఉంటున్నారు కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

అక్కడ ఇంటర్‌స్టేట్ రోడ్ల (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవేలు, ఐ-680 లాంటి పేర్లలో "ఐ" అంటే ఇదే) చట్టం 1956లో వచ్చింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఊళ్ల మధ్య నుంచి నేలను తవ్వుకుంటూ, మట్టి పోసుకుంటూ రోడ్లు వేశారు. అప్పటి గోడలు చాలావరకు ఇంకా నిలబడే ఉన్నాయి. శాశ్వత రిటైనింగ్ వాల్‌కు ఇప్పటి అమెరికా డిజైన్ నియమాలు 75 ఏళ్ల ఆయుష్షు లెక్క వేస్తాయి. ఆ పాత గోడలకు ఆ లెక్క కూడా లేదు, అప్పటి అవగాహన మేరకు కట్టారు. నాయిస్ బారియర్లు కొంచెం తర్వాత వచ్చాయి. తొలినాటి వాటిలో ఒకటి 1968లో కాలిఫోర్నియాలోని మిల్పీటస్ దగ్గర ఐ-680 పక్కన కట్టారు. 1970 నాటి ఫెడరల్ చట్టంతో హైవే చప్పుడుకు ప్రమాణాలు తప్పనిసరి అయ్యాక అవి ఊరూరా లేచాయి. తొలి తరంలో చెక్కతో కట్టినవి పుచ్చిపోతున్నాయి. కాంక్రీటువి మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుతో లోపల తుప్పు పడుతున్నాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పెళ్లలు పెళ్లలుగా ఊడగొడుతుంది.

అసలు శత్రువు నీరు

రిటైనింగ్ వాల్ మట్టి బరువుకే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు దాన్ని పడగొట్టేది మట్టిలో చేరిన నీరు. ఒక చిన్న లెక్క చూద్దాం. 3 మీటర్ల ఎత్తు గోడ వెనక పొడి ఇసుక నేల ఉంటే, గోడ ప్రతి మీటరు పొడవు మీద అది సుమారు 2.7 టన్నుల బలంతో నెడుతుంది. అదే నేల పైదాకా నీటితో నిండితే ఆ బలం సుమారు 6 టన్నులవుతుంది. నీటిలో మునిగిన మట్టి తేలికపడి తక్కువగానే నెడుతుంది, కానీ నీరు ఒక్కటే 4.5 టన్నుల దాకా నెడుతుంది. గోడ అదే, మట్టి అదే. మారింది నీరు ఒక్కటే, బరువు రెట్టింపు దాటింది. ఎత్తు ప్రభావం ఇంకా తీవ్రం. గోడ ఎత్తు రెట్టింపైతే నెట్టే బలం నాలుగింతలవుతుంది, గోడను బోర్లా పడేసే బలం ఎనిమిదింతలవుతుంది.

అందుకే సరిగా కట్టిన గోడ వెనక కంకర పొర ఉంటుంది. మట్టి రేణువులు ఆ కంకరలోకి రాకుండా ఫిల్టర్ గుడ్డ, అడుగున చిల్లుల పైపు, గోడ ముఖానికి వీప్ హోల్స్ (నీరు బయటికి కారే రంధ్రాలు) ఉంటాయి. యాభై ఏళ్లలో ఆ గుడ్డ పూడుకుపోతుంది, పైపులోకి చెట్ల వేళ్లు దూరతాయి, వీప్ హోల్స్‌ను ఎవరో పెయింట్ వేస్తూ మూసేస్తారు. పైనుంచి చూస్తే గోడ చెక్కు చెదరలేదు, లోపల మాత్రం నీటికి దారి లేదు. కొన్నిసార్లు ఇళ్లవాళ్లే తెలియక ఈ భారం పెంచుతారు. స్ప్రింక్లర్ రోజూ గోడ అంచునే తడుపుతుంది, పైకప్పు మీది వాననీటి గొట్టం అక్కడే వదులుతారు, ఈత కొలను తవ్విన మట్టిని అంచున పోస్తారు.

మన దగ్గరి రెండు ఘటనలు ఇక్కడ గుర్తుకొస్తాయి. 2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో కుండపోత వానకు, కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ కూలీల గుడిసెల మీద పడి ఏడుగురు చనిపోయారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో, అప్పుడే కట్టిన గోడ వాన తర్వాత క్యూలైన్ మీద కూలి ఏడుగురు భక్తులు పోయారు. రెండూ హైవే గోడలు కావు, పాతవీ కావు. కానీ రెండుచోట్లా కూలింది వాన పడినప్పుడే. గోడ వయసు ఒక్కటే చూసి ధైర్యంగా ఉండలేమని చెప్పడానికి ఇవి చాలు.

అమెరికాలోనూ అంతే. న్యూజెర్సీ బెల్‌మార్‌లో ఐ-295, ఐ-76, రూట్ 42 కలిసే చోట ఏళ్ల తరబడి సాగుతున్న భారీ ప్రాజెక్టులో, ఇంకా వాడకంలోకి రాని కొత్త గోడ ఒకటి 2021 మార్చి 25న కుంగి కూలింది. భూగర్భజలం, గట్టి వానలు, గోడ లోపల వాడిన ఇసుక రకం కారణాలని రాష్ట్ర రవాణా శాఖ తర్వాత చెప్పింది. అది మట్టిలో పొరలు పొరలుగా పట్టీలు పరచి, ముందు కాంక్రీటు పలకలు నిలబెట్టే రకం. మన దేశంలో ఫ్లైఓవర్ల అప్రోచ్‌ల దగ్గర కనిపించే ఆర్‌ఈ వాల్ అదే. 1960లలో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ విదాల్ ఈ పద్ధతిని రూపొందించాడు. ఇందులో గోడ బలం పలకల్లో ఉండదు, వెనకున్న మట్టిలోనే ఉంటుంది. మట్టి నాణ్యత చెడితే పలక ఎంత మందం ఉన్నా లాభం లేదు.

ఎవరి గోడ?

గోడ పాతబడిందని చూసి చెప్పాల్సింది ఎవరన్నది దీనికంటే చిక్కు ప్రశ్న. న్యూయార్క్ మాన్‌హాటన్ ఉత్తర కొసన, హడ్సన్ నది ఒడ్డు గుట్ట మీద క్యాజిల్ విలేజ్ అనే అయిదు అపార్ట్‌మెంట్ భవనాల సముదాయం ఉంది. కింద హెన్రీ హడ్సన్ పార్క్‌వే. మధ్యలో దాదాపు 75 అడుగుల రాతి గోడ. ఆ భవనాలు కట్టకముందు అక్కడున్న పటెర్నో ఎస్టేట్ కాలం నాటిది. ఆ గోడ 2005 మే 12 సాయంకాలం రోడ్డు మీదికి విరుచుకుపడింది. కార్లు మట్టి కింద చిక్కుకున్నాయి, ఒక్కరికీ గాయం కాకపోవడం మాత్రం అదృష్టం. గోడ కదులుతోందని ముందే తెలుసు, ఇంజనీర్లు చూస్తూనే ఉన్నారు. కింద రోడ్డు ప్రజలది, గోడ మాత్రం పైన ఉంటున్నవాళ్ల కోఆపరేటివ్‌ది. దాన్ని మళ్లీ కట్టడానికి కోట్ల డాలర్లయ్యాయి, ఆ భారంలో పెద్ద వాటా ఫ్లాట్ల యజమానుల మీదే పడింది.

ఆ ఘటన తర్వాత న్యూయార్క్ నగరం 2008లో ఒక చట్టం చేసింది. బహిరంగ దారి వైపున్న 10 అడుగులు, అంతకు మించిన ఎత్తు ప్రైవేటు రిటైనింగ్ వాల్స్‌ను అయిదేళ్లకోసారి అర్హుడైన ఇంజనీరు పరీక్షించి నివేదిక ఇవ్వాలి. ఇది నగరం చట్టం మాత్రమే. దేశం మొత్తానికి గోడల విషయంలో ఇలాంటి నియమం లేదు. వంతెనలకు ఉంది. 1967 డిసెంబరులో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయాక దేశవ్యాప్త తనిఖీ ప్రమాణాలు వచ్చాయి. సాధారణంగా వంతెనలను రెండేళ్లకోసారి చూస్తారు. గోడలకు ఆ తప్పనిసరి లేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా జాబితాలు చేసుకున్నాయి, నేషనల్ పార్క్ సర్వీస్ తన రోడ్ల పక్కనున్న వేల గోడలను లెక్క పెట్టి స్థితి రాసుకుంది. మిగతా చోట్ల ఒక గోడ ఎప్పుడు కట్టారో, లోపల ఏముందో చెప్పే కాగితం కూడా దొరకదు. నా దృష్టిలో ఈ సమస్య మొత్తంలో పెద్ద లోపం ఇదే. డబ్బు తక్కువ కావడం తర్వాతి సంగతి, ఏది ఎంత పాడైందో తెలియకుండా డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చలేరు.

కాబట్టి ఇల్లు కొనేముందు సర్వే ప్లాన్‌లో గోడ హైవే శాఖ స్థలంలో ఉందా, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) స్థలంలో ఉందా, మీ హద్దులోనే ఉందా చూసుకోవాలి. గోడ ముఖం బయటికి ఉబ్బడం, పలకల మధ్య సందులు వెడల్పవడం, ఆ సందుల్లోంచి ఇసుక రాలడం, ఎండాకాలంలోనూ ఆరని తడి మరక, గోడ వెనక పెరట్లో నేల గుంత పడటం, అంచున ఉన్న ఫెన్స్ స్తంభాలు రోడ్డు వైపు వాలడం చూస్తే ఫొటో తీసి తేదీతో దాచండి. ఏడాది తర్వాత అదే చోట నిలబడి మళ్లీ తీయండి. ఒక పగులు చిన్నదా పెద్దదా అన్నదానికంటే అది పెరుగుతోందా అన్నది ఇంజనీరుకు ఎక్కువ అవసరం.

ఇల్లు కదలకుండా గోడ మార్చడం

గోడ వెనక ఖాళీ స్థలం ఉంటే పని సులువు. తవ్వి, పాతది తీసి, కొత్తది కట్టి, మట్టి నింపేస్తారు. వెనకే ఇల్లుంటే తవ్వడానికి వీలుండదు. అప్పుడు రెండు మార్గాలు మిగులుతాయి. పాత గోడ ముందే కొత్తది కట్టడం ఒకటి, దానివల్ల రోడ్డు అంచున షోల్డర్ కొంత పోతుంది. రెండోది సాయిల్ నెయిలింగ్. గోడ ముఖం వైపు నుంచే మట్టిలోకి కొంచెం కిందికి వాలుగా రంధ్రాలు చేసి, ఇనుప కడ్డీలు దూర్చి, చుట్టూ సిమెంట్ గ్రౌట్ నింపుతారు. మీటరు, మీటరున్నర చొప్పున పైనుంచి కిందికి దిగుతూ పాత గోడను విప్పి, బయటపడ్డ మట్టికి వెంటనే షాట్‌క్రీట్ (గొట్టంతో బలంగా చిమ్మే కాంక్రీటు) కొడతారు. ఎక్కడా పెద్ద ఎత్తున మట్టి ఆధారం లేకుండా నిలబడదు కాబట్టి ఇళ్ల దగ్గర ఇది మంచి పద్ధతే.

చిక్కల్లా ఆ కడ్డీల పొడవు. గోడ ఎత్తులో దాదాపు 70 శాతం నుంచి గోడ ఎత్తంత దాకా ఉంటాయి. 6 మీటర్ల గోడకు 4 నుంచి 6 మీటర్లు, అంటే అవి మీ పెరటి కిందికి వస్తాయి. దానికి శాఖ మీ దగ్గర శాశ్వత భూగర్భ ఈజ్‌మెంట్ (మీ నేల అడుగు భాగాన్ని వాడుకునే హక్కు) తీసుకోవాలి, అందుకు పరిహారం ఇవ్వాలి. సంతకం చేశాక ఆ మేర లోతుగా తవ్వకూడదు, స్విమ్మింగ్ పూల్ ఆశ వదులుకోవాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు కడ్డీలు ఎంత లోతున మొదలవుతాయో, పైన ఎంత బరువు పెట్టొచ్చో రాతపూర్వకంగా అడగండి, వీలైతే లాయరుకు చూపించండి.

ప్రకంపనలు ఇంకో టెన్షన్. ఇనుప పైల్స్‌ను సుత్తితో దిగ్గొడితే ఇల్లు అదురుతుంది. బోరు వేసి కాంక్రీటు పోస్తే ఆ బాధ చాలా తక్కువ, ఖర్చు మాత్రం ఎక్కువ కావచ్చు. మామూలు చెక్క ఇళ్లకు అమెరికా రవాణా మార్గదర్శకాల్లో తరచూ వాడే హద్దు సెకనుకు 5 మిల్లీమీటర్ల కంపన వేగం. పని మొదలవకముందు కాంట్రాక్టరు తరఫున వచ్చి ఇంట్లోని పగుళ్లను ఫొటోలు తీస్తారు. దీన్ని వద్దనకండి. తర్వాత కొత్త పగులు వస్తే అది కొత్తదని నిరూపించడానికి మీ దగ్గర ఉండే ఆధారం ఇదొక్కటే.

చప్పుడు లెక్క, నిబంధన లెక్క

నాయిస్ బారియర్ చప్పుడును పూర్తిగా ఆపదు. ధ్వని గోడ పైఅంచు మీదుగా వంగి కిందికి దిగుతుంది. ఇంటి నుంచి వాహనం కనబడకుండా గోడ అడ్డొస్తే సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది, ఆ పైన పెంచే ప్రతి మీటరుకూ ఇంకో ఒకటిన్నర. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. ట్రక్కు పొగగొట్టం 3.5 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి కార్లకు సరిపోయిన గోడ ట్రక్కులకు చాలదు. మేడ మీది పడగ్గది కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంటే ఆ గదికి గోడ వల్ల ఒరిగేది ఏమీ లేదు. పలకల మధ్య ఖాళీలు, కింద మట్టి కొట్టుకుపోయి ఏర్పడ్డ సందు, దోమతెరకు పడ్డ చిరుగులాంటివి. పాత చెక్క గోడలు నిలబడే ఉన్నా పనిచేయకపోవడానికి కారణం ఇదే. చెట్లు నాటితే సరిపోతుందనేది మంచి మనసుతో ఇచ్చే సలహానే, కానీ 10 డెసిబెల్స్ తగ్గాలంటే దాదాపు 60 మీటర్ల వెడల్పున దట్టమైన తోపు కావాలి.

ఇక డబ్బు. ఫెడరల్ హైవే నాయిస్ నిబంధన ప్రకారం ఇళ్ల దగ్గర గంట సగటు చప్పుడు 67 డెసిబెల్స్‌కు దగ్గరగా చేరితే నివారణ గురించి ఆలోచించాలి. చాలా రాష్ట్రాలు 66ను గీతగా పెట్టుకున్నాయి. కానీ ఈ లెక్క ఎప్పుడు మొదలవుతుందన్నదే అసలు విషయం. కొత్త రోడ్డు వేసినప్పుడు, లేన్ పెంచినప్పుడు, రోడ్డును ఇళ్లకు బాగా దగ్గరగా జరిపినప్పుడు, అడ్డుగా ఉన్న నేలను తీసేసి ఇళ్లను చప్పుడుకు బయటపెట్టినప్పుడు మొదలవుతుంది. ఉన్న రోడ్డు పక్కన చప్పుడు పెరిగిందని బారియర్ కట్టే పథకం రాష్ట్రాల ఇష్టం, చాలా రాష్ట్రాలకు అది లేదు. ట్రాఫిక్ రెట్టింపైందని ఫిర్యాదు చేసినా లెక్కలో పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ఒట్టి రిటైనింగ్ వాల్ మరమ్మతుతో మీకు కొత్త బారియర్ హక్కుగా రాదు. రోడ్డు వెడల్పు చేసే పని వచ్చినప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది.

తలుపు తెరుచుకున్నా పరీక్షలుంటాయి. కనీసం 5 డెసిబెల్స్ తగ్గాలి, లబ్ధి పొందే ఇంటికి పడే ఖర్చు రాష్ట్రం పెట్టిన హద్దులో ఉండాలి, లబ్ధి పొందే యజమానులతో పాటు అక్కడ ఉంటున్నవాళ్ల అభిప్రాయమూ తీసుకోవాలి. అద్దెకున్నవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు, ఇది చాలామందికి తెలియదు. ఖర్చు హద్దు దాటితే మిగతాది మా హెచ్‌ఓఏ వేసుకుంటుందన్నా ఫెడరల్ డబ్బున్న ప్రాజెక్టులో ఒప్పుకోరు. డబ్బున్న కాలనీ గోడ కొనుక్కునే వీలుండకూడదని ఆ నియమం, నాకది న్యాయంగానే తోస్తుంది. సొంత డబ్బుతో గోడ అందం, మొక్కలు పెంచుకోవచ్చు. ఇల్లు కొనేవాళ్లు పట్టించుకోవాల్సింది మరొకటుంది. హైవే ప్రాజెక్టు పర్యావరణ పత్రానికి ఆమోదం వచ్చిన తేదీ తర్వాత పర్మిట్ తీసుకున్న ఇళ్లకు బారియర్ కట్టే బాధ్యత హైవే శాఖకు ఉండదు. బిల్డర్ ఈ సంగతి తనంతట తాను చెబుతాడని ఆశించొద్దు.

రెండు గోడలూ కలిసే చోట ఇంకో చిక్కుంది. "మళ్లీ కడుతున్నారుగా, బారియర్ ఇంకో మీటరు పెంచండి" అని కాలనీవాళ్లు అడుగుతారు. 3 మీటర్ల బారియర్‌ను 4 మీటర్లు చేస్తే గాలి దాని పాదాన్ని వంచే బలం దాదాపు 1.8 రెట్లవుతుంది. ఆ బలమంతా కిందున్న రిటైనింగ్ వాల్‌లోకే దిగుతుంది. పాత గోడ అది మోయలేదు. కొత్త గోడ మోయాలంటే డిజైన్ ఖరారు కాకముందే చెప్పాలి, పునాది పడ్డాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. ఎదురు వైపు కాలనీ కూడా వెంటనే ఒప్పుకోదు. నున్నటి కాంక్రీటు గోడ చప్పుడును వాళ్ల మీదికి తిప్పికొడుతుంది. రోడ్డుకు రెండువైపులా గోడలుండి, మధ్య దూరం గోడ ఎత్తుకు పదింతల లోపుంటే ధ్వనిని పీల్చే పలకలు వాడాలని అడగడం సబబు.

వర్జీనియాలో వాషింగ్టన్ బయటి ఐ-66ను ఎక్స్‌ప్రెస్ లేన్ల కోసం వెడల్పు చేసినప్పుడు పాత గోడలు తీసి కొత్తవి కట్టారు. 2022లో లేన్లు మొదలయ్యేదాకా పనులు సాగాయి. అలాంటి ప్రాజెక్టుల్లో జనాన్ని ఎక్కువ బాధించేది పాత గోడ తీసిన రోజుకూ కొత్త గోడ లేచిన రోజుకూ మధ్య కాలం. లేన్లు మూయడం కుదిరేది రాత్రే కాబట్టి పనీ రాత్రే. ఆ మధ్య కాలం ఎన్ని నెలలు ఉండొచ్చో, అప్పటికి తాత్కాలిక అడ్డు పెడతారా, ఏ ముక్క ముందు కడతారో పబ్లిక్ మీటింగ్‌లో అడిగి మినిట్స్‌లో రాయించాలి.

మన దేశంలో కథ ఇంకా మొదట్లోనే ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి, అమెరికా గీతకంటే ఎంతో కఠినం. అమలు మాత్రం కాగితం దాటదు. హైదరాబాద్ మీదుగా వెళ్లే ఎన్‌హెచ్-44కే మధ్యప్రదేశ్‌లో పెంచ్ అడవి దగ్గర జంతువుల కోసం చప్పుడు గోడలు కట్టారు. సర్వీస్ రోడ్డుకు గుమ్మాలు తెరిచే మన ఊళ్లలో ప్రతి పాతిక అడుగులకూ సందు వదలాలి కాబట్టి గోడతో పెద్దగా ఫలితం ఉండదు, హారన్ల మీద పట్టు తేవడమే ముందు చేయాల్సిన పని. రిటైనింగ్ వాల్స్ విషయం మాత్రం ఆగేది కాదు. 2025 మే 19న కేరళ మలప్పురం జిల్లా కూరియాడ్‌లో వరి పొలాల మీదుగా ఎత్తుగా వేస్తున్న ఎన్‌హెచ్-66 కుంగిపోయింది, అడుగున నేల ఆ బరువు మోయలేకపోయింది. మనం ఇప్పుడు కడుతున్న వేల ఆర్‌ఈ గోడలు కూడా ఒకరోజు పాతవవుతాయి. ఇప్పుడే ఒక జాబితా, ప్రతి గోడకూ ఒక నంబరు, కట్టిన తేదీ, డ్రైనేజీ పటం రాసి పెట్టుకుంటే అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఎక్కడైనా సరే, కొత్త గోడ పూర్తయ్యాక యాజ్-బిల్ట్ డ్రాయింగ్ (నిజంగా కట్టింది కట్టినట్టు చూపే పటం) కాపీ ఒకటి అడిగి తీసుకోండి. డ్రెయిన్ పైపులు ఎక్కడ బయటికి వస్తాయో, వాటిని ఎవరు ఎన్నేళ్లకోసారి శుభ్రం చేయాలో అందులోనో, దానితో వచ్చే నిర్వహణ ఒప్పందంలోనో ఉండాలి. లేకపోతే రాయించండి. ఇల్లు అమ్మేటప్పుడు ఆ కాగితాన్ని తాళాలతో పాటు కొన్నవాళ్లకు ఇవ్వండి.